సాయవ్వ పెద్దకొడుకు

"గా కాయితం టీవీ మీదికెళ్లి తియ్యి. దాన్ని చూస్తుంటే నాకు కాళ్లుచేతులు ఆడ్తలేవు," అంది అవ్వ, అంటే మా అమ్మ.

బాపు కదలలేదు. ఆయన చేతిలోని చాయ్ మీద మీగడ కట్టి చాలాసేపయింది. నేనే లేచి తీద్దామనుకున్నాను. కానీ నిన్న సాయంత్రం నుంచి మా ఇంట్లో ఎవరు ఏది ముట్టుకున్నా ఇంకొకరికి కోపం వస్తోంది.

కంపెనీ ఆఫీసు నుంచి వచ్చిన నోటీసు అది. నాలుగంటే నాలుగే వరుసలు. గని రికార్డుల్లో పోశంగా ఉన్న కార్మికుడు పోశం కాదు, ఎదురు క్వార్టరులో ఉండే సాయవ్వ పెద్దకొడుకు సీమోను అని ఫిర్యాదు వచ్చిందట. రేపు పదకొండు గంటలకు విచారణాధికారి క్వార్టరుకే వస్తాడట. నిన్న దాన్ని పైకి చదివి, "ఏం పిచ్చి రాత బాపూ ఇది!" అని నవ్వింది నేనే. ఇంట్లో ఇంకెవరూ నవ్వలేదు.

అలా తెలిసింది నాకు, పదిహేడేళ్లు నిండాక. మా బాపు అసలు పేరు సీమోను. ఎదురింటి ఫిలిప్ కాక ఆయన సొంత తమ్ముడు. ఎప్పుడు చూసినా అరుగు మీద కూర్చుని కనిపించే సాయవ్వ మా బాపమ్మ. నాతోపాటు కాలేజీ బస్సెక్కే మహిమ నాకు చెల్లెలు.

ముప్పై రెండేళ్ల కిందట మంథని పక్కన బాపువాళ్ల ఊళ్లో పోశం అనే కాపుల పిల్లవాడికి గనిలో పని దొరికింది. మొదటిరోజే లోపలికి దిగి, ఆ చీకటి చూసి, పైకొచ్చి వాంతి చేసుకుని, "నాతోని గాదు" అన్నాడట. ముంబైకి పోయాడు, మళ్లీ ఊరి మొహం చూడలేదు. అతని కాగితాలు పట్టుకుని మా బాపు దిగాడు. బొగ్గుబావుల దగ్గర ఇది వింతేం కాదు. మారుపేరు మీద చెమటోడ్చినవాళ్లు ప్రతి గనిలోనూ ఉన్నారు. కాకపోతే చాలామంది పేరు ఒక్కటే మార్చుకున్నారు. మా బాపు పేరుతోపాటు ఆ పోశం కులాన్ని, దేవుణ్ని కూడా మోశాడు. మెట్‌పల్లి దిక్కు మా అమ్మమ్మవాళ్లు పిల్లనిచ్చేటప్పుడు కంపెనీ నౌకరీ చూశారు, ఇంకేమీ చూడలేదు. అవ్వకు అసలు సంగతి తెలిసేసరికి నేను కడుపులో ఉన్నాను.

"నేను మొదటిసందే మొత్తుకున్న," అంది అవ్వ. "తమ్మునికి గీ లైన్ల క్వార్టర్ ఒద్దు, ఇంకేడన్న ఇప్పియ్యమని. ఇన్నవా? తెచ్చి కండ్లముంగట పెట్టుకున్నవ్."

"కండ్లముంగట పెట్టుకున్న. ఇంట్లకు తెచ్చుకోలే గద."

"తెచ్చుకుంటే నేనుందునా?"

 బాపుకు దగ్గు వచ్చింది. అది మొదలైతే ఆగేదాకా ఎవరూ మాట్లాడకూడదు, మా ఇంటి రివాజు. దుమ్ముతో నిండిన ఊపిరితిత్తులవి. పైపని ఇచ్చినా ఇంక చేయలేడని డాక్టర్లు రాసిచ్చారు. ఇంకో నెలలో ఆయన్ని అన్‌ఫిట్ చేస్తే, నాకు పద్దెనిమిది నిండగానే ఆ ఉద్యోగం నాకు వస్తుంది. రేపు విచారణలో పేరు అబద్ధమని తేలితే అది పోతుంది. క్వార్టరు పోతుంది, కంపెనీ దవాఖాన మందులు పోతాయి.

దగ్గు ఆగింది. అవ్వ మళ్లీ అందుకుంది.

"ఆకాశరామన్న ఉత్తరమంట, ఆకాశరామన్న! గా రామన్న ఎదురింట్లనే ఉన్నడు. బతుకమ్మ నాటి కసి తీర్చుకున్నరు."

"ఫిలిప్ రాయడు."

"నువ్వు చూసినవా?"

"రాయడన్న గద."

బాపు గ్లాసు కిందపెట్టి, చెప్పులేసుకుని బయటికి పోయాడు. అవ్వ కోపమంతా ఇక గిన్నెల మీద పడింది. బతుకమ్మ అన్న మాట దగ్గరే నేను తల వంచుకున్నాను, ఎత్తలేదు.

ఏం జరిగిందో దాచడమెందుకు. కాలనీ అంతా చూసిందే. సద్దుల బతుకమ్మ నాడు మా వాకిట్లో కూర్చుని నేనూ మహిమా కలిసి సిబ్బిలో పూలు పేర్చాం. తెల్లారకముందే ఆమే నాతో వచ్చి తంగేడు తెంపింది. గునుగుపూల కట్టలు కట్టి రంగులద్దింది ఆమే. మధ్యలో నాలుగు వరుసలు ఆమె పేర్చింది. నాకంటే ఆమె చేయి నీటు. అంతలో పక్క క్వార్టరు బుచ్చవ్వ వచ్చి, "ఎవలు పేర్చిన్రే? గా కిరస్తానీ పిల్ల చెయ్యి పెట్టలేదు గదా?" అంది. వెనక నలుగురు ఆడవాళ్లున్నారు, నా క్లాసు పిల్లలున్నారు. "లేదు, ఉత్తగ పూలందిస్తున్నది" అనబోయాను. కానీ మహిమ వేళ్లకు రంగు ఉంది. అది బుచ్చవ్వ చూసింది. నాకు ఏం పుట్టిందో, "ఈమె పేర్చిందని నాకు తెల్వదు" అని సిబ్బిని అమాంతం బోర్లించాను. నాలుగు వరుసలే తీయడం కుదరదు, అన్నీ పోవాల్సిందే. మళ్లీ కడిగి, మొదటినుంచి నేనొక్కదాన్నే పేర్చుకున్నాను. నీళ్లు కూడా చల్లాను.

మహిమ చేతులు లంగాకు తుడుచుకుని ఇంటికి పోయింది. సాయవ్వ ఎదురరుగు మీది నుంచి మొత్తం చూసింది.

ఇంకో నిజం కూడా చెబుతాను. ఆ ఉత్తరం మహిమే రాసి ఉండాలని నాకు చాలా బలంగా అనిపించింది. ఆమె కూడా ఒక తప్పు చేసి ఉంటే, నా తప్పు కొంచెం చిన్నదవుతుంది కదా.

*

మధ్యాహ్నం నల్లా వచ్చే వేళకు మహిమ బిందెలతో వాకిట్లో ఉంది. నేను దారి దాటి పోయి ముందు నిలబడ్డాను. బతుకమ్మ తర్వాత ఆమెకు అంత దగ్గరగా నిలబడటం అదే.

"నువ్వే రాసినవ్ గద?"

"ఏంది?"

"తెల్వనట్టు అడుగకు. మా బాపు మీద ఉత్తరం."

మహిమ నిండిన బిందె పక్కకు జరిపి, ఖాళీ బిందె నల్లా కింద పెట్టింది. తొందరేం లేదు ఆమెకు.

"ఇప్పుడు తెలిసిందా నీకు?" అంది.

"నిన్ననే."

"నాకు తెలిసి మూడేండ్లయింది."

నేను అరుగు మీది సాయవ్వ వైపు చూశాను.

"బాపమ్మకు జరమొచ్చినప్పుడు చెప్పింది. నీకు చెప్పొద్దని నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేయించుకుంది. నువ్వు నాకు అక్కవని తెలిసే పువ్వులకు వచ్చిన. తెలిసే పేర్చిన." నల్లా నీళ్లవైపే చూస్తూ అంది. "నువ్వు సిబ్బి బోర్లిస్తుంటే ఒక్క మాట చాలు నాకు. బుచ్చవ్వ ముంగటనే అనొచ్చు, నువ్వు కూడ గదేనే అని. అన్ననా?"

"లేదు."

"రాయాల్నంటే మూడేండ్ల కిందనే రాద్దును. ఉత్తరం రాసేటోళ్లం గాదు మేము."

మేము అంది. ఆ 'మేము'లో నేను ఉన్నానో లేనో అడిగే ధైర్యం లేకపోయింది. "మహిమా, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను.

"వద్దు," అంది. "ఇప్పుడొద్దు. ఇప్పుడు చెప్తే రేపటి కోసం చెప్పినట్టుంటది."

నా మనసులో ఉన్నది అదేనా? కాదని ఒట్టేసి చెప్పలేను. రేపు ఆఫీసరు ముందు ఫిలిప్ కాక ఏం చెబుతాడన్న భయం కూడా నన్ను ఆ వాకిటిదాకా నడిపించి ఉంటుంది.

అరుగు మీద సాయవ్వ కదిలింది. "ఏంది బిడ్డా లొల్లి? బిందె నిండి పొర్లుతుంది చూస్కోండ్రి." తర్వాత నావైపు తిరిగి, "మీ బాపుకు దగ్గు తగ్గిందానే?" అంది.

రోజూ అడిగే మాటే. నేను బడికి పోయే రోజుల నుంచీ అడుగుతోంది. ఎదురింటివాళ్ల దగ్గుతో ఈ ముసలామెకేం పని అని విసుక్కునేదాన్ని. "గట్లనే ఉంది" అని ముక్తసరిగా చెప్పి పోయేదాన్ని. ఈరోజు ఆ మాటా చెప్పలేకపోయాను. తల అడ్డంగా ఊపాను.

"మిరియాల పాలు తాగుమను. చిన్నప్పుడు గూడ గంతే, చెప్తే ఇనేటోడు గాదు," అంది సాయవ్వ, నాకొక్కదానికే వినిపించేలా. నాకు తెలిసిపోయిందని ఆమెకూ తెలిసిపోయింది. "రేపటి ఫికర్ చెయ్యకు బిడ్డా. నేనున్న గద."

బాపమ్మా అని పిలవాలనుకున్నాను.  పక్క వాకిట్లో బుచ్చవ్వ బట్టలు ఆరేస్తోంది. పిలవలేదు.

*

బాపు బొగ్గురైలు పట్టాల పక్కన మోరీ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఇంకా పొద్దు గుంకలేదు. అవ్వ పంపితే వచ్చాను, "అన్నం తినమని తోల్కరాపో" అని.

"మహిమ రాయలే బాపూ," అన్నాను పక్కన కూర్చుని.

"ఎర్కే."

"మరెవలు రాసిన్రు?"

ఖాళీ బండి ఒకటి గనివైపు పోతోంది. డబ్బాలు ఒకదాని వెనక ఒకటి అరుచుకుంటూ పోయాయి. అది పోయిందాకా ఆగాడు.

"నేనే," అన్నాడు.

నేను విన్నది తప్పేమో అనుకున్నాను. ఆయన మళ్లీ చెప్పాడు.

"నేనే రాసిన. మంథని పోయి పోస్టుడబ్బల ఏసొచ్చిన. ఆఫీసుకు పోయి నా అంతట నేను చెప్పే ధైర్యం లేకపాయె. ముప్పై రెండేండ్లు పోశం అని పిలిస్తే 'ఓ' అని పలికిన నోరాయె. ఎవలన్న వచ్చి అడిగితే చెప్దునని రాసిన."

"ఎందుకు బాపూ?"

"సద్దుల నాడు నేను డ్యూటీ దిగి వస్తున్న. మూలమలుపు కాడ నిలబడి చూసిన. నువ్వు బోర్లించినవ్. మీరందరు పాటలకు పోయినంక మా అవ్వ మెల్లగ దిగొచ్చి, ఆ పూలన్ని ఏరి కొంగుల పోసుకుంది. ఒక్కటి గూడ ఇడువలే. నన్ను చూసింది. చూసి ఏమన్నదో ఎర్కనా? 'పిల్లకు తెల్వదుర, కొట్టకు' అన్నది."

నేను మొహం చేతుల్లో దాచుకున్నాను. ఏడుపు వచ్చింది, కానీ ఆపుకున్నాను. ఏడిస్తే ఆయన నన్ను ఓదారుస్తాడు, ఆ ఓదార్పు తీసుకునే హక్కు నాకు లేదనిపించింది.

"నీ తప్పు గాదు బిడ్డా. తెల్వకుంట పెంచింది నేను. పెండ్లాన్ని చూసి భయపడ్డ, కాలనీని చూసి భయపడ్డ. నా కన్నతల్లి పదడుగుల దూరంల ఉంటే పండుగనాడు ఇంత బువ్వ పెట్టలేకపోయిన. ఆఖరికి నా బిడ్డ చేతనే..." అక్కడ ఆగాడు.

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. రెండు దెబ్బలేసినా బాగుండేది.

"మరి నౌకరి?" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. మా బాపు గుండె కోసి ముందు పెడితే నేను అడిగింది అది.

బాపు నవ్వాడు. కోపం లేని నవ్వే. "అడగాలె. అడగకుంటే ఎట్ల? అది పోతది బిడ్డా. అన్నీ పోవచ్చు. పోకపోవచ్చు గూడ, గిట్లాంటోళ్లను దయ తల్చి ఇడిసిపెట్టిన్రని కూడ ఇన్న. నాకు తెల్వది. నేను సచ్చినంక పోశం అని రాస్తరు. పోశాన్ని కాలవెడ్తరు. ఊళ్లె మా బాపు పక్కన మట్టిల జాగ ఉంది నాకు. అది సీమోనుది. దాంట్ల పోశాన్ని ఎవలు పండవెడ్తరు?"

"రేపు చెప్తవా?"

"ఒక్కసారి చెప్త. మా అవ్వ ముంగట, నలుగురు ఇంటుండంగ. గీమె నా తల్లి, నేను సీమోనును అని. మీ అవ్వకు ఇప్పుడే చెప్పకు." నావైపు తిరిగాడు. "నువ్వేమంటవ్?"

"నీ ఇష్టం బాపూ."

"నా ఇష్టం నాకెర్కే. నీ ఇష్టం అడుగుతున్న."

 చెప్పు అందామంటే నా చదువు, ఆయన మందులు కళ్లముందు మెదిలాయి. వద్దు అందామంటే పూలు ఏరుకుంటున్న ముసలామె మెదిలింది. ఆయన కాసేపు ఎదురుచూశాడు. తర్వాత లేచి, పంచెకంటిన బొగ్గుదుమ్ము దులుపుకున్నాడు. "పా, మీ అవ్వ బువ్వ పెట్టుకుని కూసుంటది," అన్నాడు.

*

విచారణాధికారి పేరు శ్యాంసుందర్. మెత్తని మనిషి, గట్టిగా తుమ్మనైనా తుమ్మడనిపించేలా ఉన్నాడు. మా వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, మోకాళ్ల మీద ఫైలు పెట్టుకున్నాడు. అవ్వ పొద్దున్నే తలస్నానం చేసి రూపాయంత బొట్టు పెట్టుకుంది. నాకూ పెట్టింది. ప్రహరీ అవతల బుచ్చవ్వ, ఇంకో పదిమంది. సినిమా హాల్లో ముందు వరుస దొరికినట్టు నిలబడ్డారు.

బాపు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నిన్నటి దగ్గు లేదు. మొహం తేటగా ఉంది. పెళ్లికి పోతున్న మనిషిలా ఉన్నాడు, అది చూసే నాకు భయం వేసింది.

మొదట ఫిలిప్ కాకను పిలిచారు. దవాఖాన వార్డుబాయ్ యూనిఫాంతోనే వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఈయన నీకు అన్ననా?"

"సార్, నేను చర్చిల పెద్దమనిషిని. అబద్ధం చెప్ప."

అవ్వ వేళ్లు నా భుజంలో దిగాయి.

"మంచిదే. నిజమే చెప్పు."

కాక నేలచూపులు చూశాడు. "పాత సంగతులు మా అవ్వకెర్క సార్. పెద్దామె ఉండంగ నేను చెప్పుడు మర్యాద గాదు. ఆమెను అడుగుండ్రి."

అబద్ధమూ ఆడలేదు, నిజమూ చెప్పలేదు. పాము చావకుండా, కర్ర విరగకుండా తప్పుకున్నాడు కాక. భారమంతా ఎనభై ఏళ్ల ఆమె నెత్తిన పడింది.

సాయవ్వ మహిమ భుజం పట్టుకుని దారి దాటి వచ్చింది. మా మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆ మెట్టు ఆమె ఎప్పుడూ ఎక్కలేదు. ఎక్కింది. కుర్చీ వేయబోతే వద్దని కింద కూర్చుంది. బాపు తన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"చూడవ్వా," అన్నాడు శ్యాంసుందర్, "నువ్వు చెప్పింది రాసుకుంటం. వేలిముద్ర వేస్తవు. తర్వాత అబద్ధమని తేలితే నీ మీద కేసవుతది. ఎరుకనా?"

"ఎర్కే సారూ."

"కొడుకులెంతమంది?"

"ఇద్దరు పుట్టిన్రు. ఒక్కడున్నడు."

"పెద్దోడు?"

"సచ్చిపోయిండు."

"అవ్వా!" అన్నాడు బాపు. మా దిక్కున ముసలివాళ్లనందరినీ అలాగే పిలుస్తారు కాబట్టి ఆఫీసరు తలెత్తలేదు. సాయవ్వ కూడా తలెత్తలేదు.

"పేరు?"

"సీమోను."

"ఎప్పుడు పోయిండు?"

"ముప్పై రెండేండ్లయింది. పట్నం పోయి పని చేసుకుంటనన్నడు. జరమొచ్చింది. పోయిండు."  ఎన్ని రోజులుగా ఈ మాటలు లోపల పేర్చుకుందో. "బంగారం లాంటి కొడుకు సారూ. మస్తు తెలివి. బడిల పంతులు మెచ్చుకునేటోడు."

"ఎక్కడ పాతిపెట్టిన్రు? సమాధి ఉందా?"

"గోదారి ఒడ్డున. ఎనుకటి వరదకు మట్టి కొట్టుకపోయింది. ఇప్పుడు గుర్తు లేదు."

ఆఫీసరు రాసుకున్నాడు. పెన్ను చివరతో బాపును చూపించాడు. "మరి ఈయన ఎవరు?"

అప్పుడు చూసింది సాయవ్వ మా బాపువైపు. ఇస్త్రీ చొక్కా, తల దువ్వుకున్న తీరు, అన్నీ చూసింది. అంతసేపు అంత దగ్గరగా ఎండలో ఆయన్ని చూసే వీలు ఆమెకు ఎన్నేళ్ల తర్వాత దొరికిందో.

"ఎదురింటాయన. మంచోడు. దగ్గుతుంటడు పాపం," అంది.

శ్యాంసుందర్ రాసింది పైకి చదివి వినిపించాడు. మహిమ బాపమ్మ చేయి పట్టుకుని సిరా ప్యాడు మీద అద్దింది. సాయవ్వ కాగితం మీద వేలు గట్టిగా ఒత్తింది. కొడుకు చచ్చిపోయాడని ఆమె చేత్తో ఆమే ముద్ర వేసింది.

"పోశం, మీరేమైనా చెప్పేదుందా?"

ఇదే ఆయన ఎదురుచూసిన ప్రశ్న. ఉత్తరం రాసి, మంథని దాకా పోయి డబ్బాలో వేసి తెప్పించుకున్న ప్రశ్న. బాపు నోరు తెరిచాడు. సాయవ్వ తల వంచుకుని సిరా అంటిన వేలును చూసుకుంటోంది. ఇప్పుడు ఆయన నిజం చెబితే ఆమె అబద్ధాలకోరు. కాలనీ ముందు, కంపెనీ ముందు, ఆమె నమ్మిన దేవుడి ముందు. ఎనభై ఏళ్ల వయసులో కేసు.

బాపు నన్ను చూశాడు. అవ్వను చూడలేదు, నన్నే చూశాడు. నేను కళ్లు దించుకున్నాను.

"ఏం లేదు సార్," అన్నాడు.

అంతే, అయిపోయింది. పనిలేనివాళ్లు రాసే ఇట్లాంటి ఉత్తరాలతో తమ ప్రాణం తోకకొస్తోందని శ్యాంసుందర్ చిన్నగా నవ్వి ఫైలు కట్టాడు. జీపు పోయింది. అవ్వ గోడకానుకుని ఏడ్చింది. "గట్టెక్కినం ఉమా, గట్టెక్కినం," అని నా చెవిలో అంది. ఏడుస్తూనే లోపలికి పోయి చాయ్ తెచ్చింది. మొదటి గ్లాసు సాయవ్వకే పట్టింది. మా ఇంట్లో మేం తాగే గ్లాసే. పద్దెనిమిదేళ్ల కాపురంలో అవ్వ ఆ పని చేయడం అదే మొదలు. 

"వద్దు బిడ్డా. చాయ్ తాగితే నాకు నిద్ర పట్టదు," అంది సాయవ్వ. నేలకు చేయి ఆనించి లేవబోయింది.

బాపు వంగి ఆమె రెక్క పట్టుకున్నాడు.

"ఉండనీ పోశం," అంది. "మహిమ ఉంది, నేను పోత."

ఆమె నోట ఆ పేరు రావడం నేనెప్పుడూ వినలేదు. బాపు కూడా విని ఉండడు. ఆయన చేయి దానంతటదే వదులైంది. ఆమె మెట్టు దిగిపోయింది. ఆయన అలాగే కొంచెంసేపు వంగి నిలబడ్డాడు. తర్వాత లోపలికి పోయాడు, తలుపు వేసుకోలేదు. దగ్గు మొదలైంది.

నేను గేటు దాకా పరుగెత్తాను. దారి మధ్యలో వాళ్లిద్దరూ మెల్లగా పోతున్నారు. పిలవాలి. ఇప్పుడైనా పిలవాలి. కానీ ఏమని పిలవను? బాపమ్మా అంటే ఆమె ఇప్పుడే వేసిన వేలిముద్రను నేనే చెరిపేసినట్టు. క్షమించమనడానికి కూడా నాకు వరుస లేకుండా పోయింది.

"చూసినవానే!" ప్రహరీ మీదినుంచి బుచ్చవ్వ అందుకుంది. "నేను అప్పటిసంది అంటనే ఉన్న. మీ బాపు ఏంది, ఆళ్లేంది! గా ముసల్దానికీ మనకూ ఏం సంబంధమే పిల్లా? నువ్వే చెప్పు."

అడిగి ఊరుకోలేదు. చుట్టూ ఉన్నవాళ్లనందరినీ చూసి, నావైపు తిరిగి నిలబడింది.

దారి అవతల మహిమ ఆగిపోయింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. చెప్పు, ఏం సంబంధం లేదని చెప్పెయ్యి అన్నట్టు తల ఊపింది. సాయవ్వ మాత్రం తిరగలేదు, అడుగూ వేయలేదు.

ఇంట్లో బాపు దగ్గు ఉన్నట్టుండి ఆగింది. నిన్న మోరీ మీద ఆయన అడిగిన దానికి నేనింకా జవాబు బాకీ. ఆయన కూడా వింటున్నాడు.

నేను నోరు తెరిచాను.